కార్డులు చేసే ఆయన

“కాఫీ, మేడమ్,” అన్నాడు ఆంజనేయులు.

గ్లాసు సంయుక్త ముందు పెట్టి, కాస్త వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దేవిశ్రీ పకపకా నవ్వింది. రెండో శనివారం, స్కూలు లేదు. పదేళ్ళ పిల్లకి ఆ పూట ఏది చూసినా నవ్వే.

“అమ్మని మేడమ్ అంటున్నావేంటి నాన్నా?”

“మేడమ్ గారిని మేడమ్ అనక ఇంకేమంటారమ్మా? నువ్వు పాలు తాగు.”

సంయుక్త గ్లాసు ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన దగ్గర్నుంచి మొగుడు ఆమెతో అన్న మొదటి మాట అది. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా పిల్లతో చెప్పించే పెట్టించుకున్నాడు.

దేవిశ్రీ చేతికి గిన్నె ఇచ్చి, కింద ఇంటావిడ దగ్గర పెరుగు తెమ్మని పంపింది. ఆ పిల్ల మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఎంతసేపండీ ఈ వేషం?”

“వేషం నేను కట్టింది కాదు. నువ్వు వేయించింది.”

“నేనేమన్నానని? ఆ గదిలో నలుగురున్నారు. రామబ్రహ్మం గారు ‘ఎవరమ్మా ఈయన’ అని అడిగారు. కార్డులు చేసే ఆయన అన్నాను. అది అబద్ధమా?”

“కాదు.”

“మరి?”

“అబద్ధం ఆ తర్వాతిది.”

సంయుక్త పొయ్యివైపు తిరిగింది. కుక్కరు ఇంకా కూత వేయలేదు. చూడ్డానికి అక్కడేమీ లేకపోయినా అటే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాతిది ఇద్దరికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. కొత్త సంవత్సరానికి విదేశాల్లో ఉన్న ఖాతాదార్లకి పంపడానికి కంపెనీకి గ్రీటింగ్ కార్డులు కావాలి. ప్రెస్సు వాళ్ళు తెచ్చిన నమూనాలు ఎవరికీ నచ్చలేదు. “నాకు తెలిసినాయన ఒకరున్నారు సర్, చేత్తో చేస్తారు,” అని చెప్పింది సంయుక్తే. అడ్మినిస్ట్రేషన్‌లో ఆమె పైఅధికారి రామబ్రహ్మం రమ్మన్నాడు. ఆంజనేయులు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, కార్డులు నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని, కొత్త టవర్లో నాలుగో అంతస్తుకి వెళ్ళాడు. ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

రామబ్రహ్మం కార్డుల్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు. చూసి చూసి, సంయుక్తవైపు తిరిగాడు.

“మీవారు ఇంకుల ఫ్యాక్టరీలోనే కదమ్మా, ప్రొడక్షన్ మేనేజరు? ఈ రంగులు నిలుస్తాయో లేదో వారిని ఒక్కమాట అడిగి చెప్పకూడదూ?”

సంయుక్త చేతిలో పెన్ను వైపు చూసుకుంది.

“మేడమ్ గారి వారు పనిలో ఉంటారేమో సార్,” అన్నాడు ఆంజనేయులు, ఒక్క క్షణం ఆగి. “నేనే చెబుతాను. నేరుగా ఎండ తగలకపోతే నిలుస్తాయి. ఎండలో పెడితే వెలిసిపోతాయి.”

అంతే జరిగింది. అంతకు మించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

“ప్రొడక్షన్ మేనేజరు!” అన్నాడిప్పుడు ఆంజనేయులు. “ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కూడా నేను షిఫ్టు సూపర్‌వైజర్నే. మూతపడ్డాక నువ్వు ప్రమోషన్ ఇచ్చావు.”

“ఇంటర్వ్యూలో అడిగారండీ. మీవారేం చేస్తారని. ఖాళీగా ఉన్నారంటే అయ్యో అంటారు. అయ్యో అని ఉద్యోగం ఇచ్చారనుకుంటే రేపు ఆ సీట్లో నేనెలా కూర్చుంటాను?”

“మొదటి రోజు అన్నావు, సరే. ఆ తర్వాత?”

“తర్వాత ఎవరూ అడగలేదు.”

“నిన్న అడిగారుగా.”

కుక్కరు కూత వేసింది. సంయుక్త మంట తగ్గించింది. తగ్గించాల్సిన అవసరం లేదని ఆయనకీ తెలుసు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిల్ల ఒక్కతే రాలేదు. పెరుగు గిన్నె పట్టుకుని ముందు దేవిశ్రీ, ఆ వెనకాలే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంటావిడ చంద్రమ్మ.

“ఏంది సారూ, పొద్దుగాల్నే షురూ చేసినవా? కింద కిరాయికున్నోళ్ళు పరేషాన్ అయితున్నరు. మెట్లెక్కంగనే కల్లు కంపౌండుల అడుగుపెట్టినట్టున్నది.”

“స్పిరిటమ్మా. దవాఖానలో సూది వేసేముందు రుద్దుతారే, అదే. తాగేది కాదు.”

“గది నాకెర్కలేదా? మొన్నటిదాంక సర్కారోళ్ళు మందు బంద్ జేసుండె. గప్పుడు గిట్ల వాసనొస్తే పోలీసోళ్ళు తలుపు కొడుతుండె. గిప్పుడు గా ఫికర్ లేదు గాని, అంటుకుంటే ఎట్ల? ఇల్లు నాది సారూ.”

“వంటింటి దగ్గర పెట్టనమ్మా. ఇక్కడ వరండాలోనే చేస్తాను, కిటికీలన్నీ తీసే ఉంటాయి. చూడండి.”

చంద్రమ్మ వరండాలోకి తొంగిచూసింది. నేలమీద పరిచిన పాత పేపర్ల నిండా నిగనిగలాడే కార్డులు ఆరుతున్నాయి. ఒకదాంట్లో నెమలికంఠం రంగు అంచుల దగ్గర చిక్కబడి, నడిమికి వచ్చేసరికి గాజులా పల్చబడింది. ఇంకోదాంట్లో పసుపు మీద వంకాయరంగు ఉంగరాలు ఉంగరాలుగా విచ్చుకుంది. పక్కనే ఖాళీ చేసి కడిగిన కంటిమందు సీసాలు, మూతల మీద ఏ రంగుకి ఆ రంగు చుక్క పెట్టి.

చంద్రమ్మ కొంగు ముక్కు మీద నుంచి జారింది.

“గివన్నీ నువ్వు గీసినవా?”

“గీయడం కాదమ్మా. చుక్కలు వేస్తాను, వాటంతటవే పాకుతాయి.”

“మంచిగున్నయ్. వానాకాలం మోరి మీద కిరసనాయిలు పడ్డట్టు మెరుస్తున్నయ్.” మెచ్చుకోవడమే అది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. “అవునుగాని సారూ, నీ లీవు ఇంకెన్ని దినాలు? ఎండాకాలంకెల్లి జూస్తున్న. ఫ్యాక్టరోళ్ళు గిన్ని దినాలు లీవిస్తరా?”

ఆంజనేయులు ఒంగి ఒక కార్డు అంచు సరిచేశాడు.

“ఇస్తారమ్మా. కొన్నాళ్ళు ఇస్తారు.”

“మంచి ఫ్యాక్టరీ,” అనుకుంటూ చంద్రమ్మ దిగిపోయింది.

సంయుక్త తలుపు దగ్గరికి వేసింది.

“లీవా?”

ఆయన ఇంకో కార్డు అంచు సరిచేశాడు.

“నేను ప్రొడక్షన్ మేనేజరన్నది తప్పు. మీరు లీవులో ఉన్నానన్నది ఒప్పా?”

“ఇల్లు ఇచ్చిన మనిషి. ఉద్యోగం లేదంటే ఏమనుకుంటుందో అని.”

“అద్దె నా జీతంలోంచి ఇస్తున్నాం కదండీ.”

“అందుకే,” అన్నాడు ఆంజనేయులు.

సంయుక్త తలుపుకి ఆనుకుని నిలబడింది. మూలనున్న బల్ల మీద ఫోను మోగకపోతే ఆ పూటంతా అలాగే గడిచిపోయేది.

ఆ ఫోను కూడా ఆఫీసు పని మీద పెట్టించుకున్నదే. సంయుక్తే తీసింది.

“అమ్మా, రామబ్రహ్మాన్ని. సెలవు రోజు ఇబ్బంది పెడుతున్నాను,” అంది అవతలి గొంతు. “నిన్నటి కార్డులు డైరెక్టరు గారికి చూపించాను. ఆయన నమ్మడం లేదు. ఇవి యంత్రం మీద కొట్టించినవే, మనిషి చేత్తో చేస్తే రంగు ఇలా రాదంటున్నారు. నేను కళ్ళారా చూసి చెబుతానన్నాను. ఆయన కార్డు వెనక అడ్రసు రాసిచ్చాడుగా, చూస్తే మీ మాదాపూరే. బొడ్రాయి వెనక వీధిట. మీకు తెలిసే ఉంటుంది.”

“తెలుసు సర్.”

“మూడింటికి వస్తాను. వీధి మొదట్లో నిలబడి కాస్త దారి చూపిద్దురూ. ఆయన ఇంట్లో ఉంటాడో లేదో ముందు కనుక్కుందామంటే నంబరు రాయలేదు. ఫోను లేదా ఆయనకి?”

సంయుక్త రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

“లేదు సర్.”

పెట్టేసి తిరిగి చూస్తే ఆంజనేయులు వరండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఏం లేదు నాకు?”

“ఫోను.”

“ఓహో. అదీ లేదా.”

విషయం చెప్పింది. ఆయన విన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి.

“మీరు కాసేపు బాలానగర్‌లో మీ ఫ్యాక్టరీ స్నేహితుల దగ్గరికి వెళ్ళి రాకూడదూ?” అంది చివరికి. “ఊళ్ళో లేరని చెబుతాను. సోమవారం నేనే ఏదో ఒకటి సర్దుతాను.”

“వెళ్ళను.”

“పోనీ అన్నీ చెప్పేద్దామా?”

“అది నీ ఇష్టం. నీ ఆఫీసు. నాకు ఈ పని కావాలి సంయుక్తా. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇదిగో ఇది నేను చేశానని నలుగురికి చూపించగలిగింది ఇదొక్కటే. అతను చూస్తానంటున్నాడు, చూపిస్తాను. నువ్వు మేడమ్‌లా పక్కన నిలబడు. నిన్న నిలబడలేదూ?”

అని ఊరుకోలేదు. కుర్చీ జరుపుకుని ఎక్కి, గోడ మీద పెళ్ళి ఫోటో మేకు నుంచి తీశాడు. లుంగీ అంచుతో అద్దం తుడిచి, మంచం కిందికి తోశాడు. ఫోటో ఉన్నచోట సున్నం కొత్తగా, తెల్లగా, నలుచదరంగా మిగిలింది.

దేవిశ్రీ ఇదంతా చూస్తూనే ఉంది.

“ఫోటో ఎందుకు తీశావు నాన్నా?”

“దుమ్ము పట్టింది.”

“తుడిచావుగా.”

ఆయన కుర్చీని దాని చోట పెట్టాడు.

దేవిశ్రీ తండ్రిని చూసింది, తల్లిని చూసింది. నవ్వడం ఎప్పుడో మానేసింది.

“ఆ సారొచ్చినప్పుడు నేను నాన్నని ఏమని పిలవాలమ్మా?” అని అడిగింది. “అంకుల్ అనాలా?”

ఆంజనేయులు వరండాలోకి వెళ్ళి సీసాల మూతలు బిగించుకోసాగాడు. బిగించినవే మళ్ళీ బిగించాడు.

మధ్యాహ్నం అన్నాలు ఎవరికి వాళ్ళు తిన్నారు. సంయుక్త చీర మార్చుకుంది. ఆఫీసుకి కట్టుకెళ్ళే చీర ఒంటికి చుట్టుకుని, మళ్ళీ విప్పేసి, ఇంట్లో కట్టుకునేదే కట్టుకుంది.

వీధి మొదట్లో బండలు పేలుస్తున్నారు. రాయదుర్గం వైపు కొత్త రోడ్డుకి అడ్డమొచ్చిన గుట్ట అది. ఎర్రజెండా మనిషి బండ్లన్నిటినీ ఆపేశాడు. రామబ్రహ్మం కారు ఆ వరసలోనే ఉంది. సంయుక్తని చూసి అద్దం దించాడు.

“భలే టైముకి వచ్చానమ్మా. ఎక్కండి, లోపల కూర్చోండి. ఎంతసేపు ఆపుతారో ఏమో.”

ఆమె ఎక్కలేదు. తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“సర్, పైకి వెళ్ళేముందు ఒక మాట చెప్పాలి. ఆ కార్డులు చేసే ఆయన మా ఆయన.”

“మీ ఆయన దగ్గర పనిచేస్తాడా?”

“కాదు సర్. ఆయనే మా ఆయన. ఫ్యాక్టరీ ఎండాకాలంలోనే మూతపడింది. నేను మీ దగ్గర చేరకముందే. ఆయన మేనేజరు కూడా కాదు, సూపర్‌వైజరు. నేనే అలా చెప్పాను.”

రామబ్రహ్మం ఇంజను ఆపేశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

“నిన్న ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆయన సంగతి ఆయన ముందే అడిగానా నేను?”

“అవును సర్.”

“టీ అయినా ఇవ్వలేదు కదమ్మా మనం.”

సంయుక్త కారు తలుపు తెరిచి ఎక్కింది. తిడతాడనుకుంది, లేకపోతే నవ్వుతాడనుకుంది. టీ మాట ఆమె అనుకోలేదు.

జెండా మనిషి ఈల వేసి బండ్లు వదిలాడు.

మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆమె ముందు తను లోపలికి వెళ్ళాలనుకుంది. వెళ్ళి ఒక్కమాట చెబితే సరిపోతుంది. కానీ ఆంజనేయులు చెప్పుల చప్పుడు విని ముందే గుమ్మంలోకి వచ్చేశాడు. నిన్నటి తెల్లచొక్కానే వేసుకున్నాడు.

“నమస్తే సార్, రండి. మేడమ్ గారూ, మీరు కూడా కూర్చోండి. ఇల్లు చిన్నది, ఏమనుకోకండి.”

రామబ్రహ్మం సంయుక్త ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకుని చెప్పులు విడిచింది. ఆ పెద్దమనిషి ఏం చేయాలో తోచక, “పర్లేదు, పర్లేదు,” అంటూ చాప మీద కూర్చున్నాడు. దేవిశ్రీ లోపలిగది గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎవరినీ ఏమనీ పిలవలేదు.

ఆంజనేయులు ఆలస్యం చేయకుండా పని మొదలుపెట్టాడు.

“మామూలు కాగితం పనికిరాదు సార్, పీల్చేస్తుంది. ఇలాంటి నున్నటి ఆర్టు కార్డు కావాలి. ముందు స్పిరిటుతో తడపాలి. తడి ఉండగానే రంగు చుక్క. చూడండి, అదే పరిగెడుతుంది.”

నీలం చుక్క పడింది. పడీ పడగానే నాలుగు వైపులకీ పాకి, అంచు దగ్గర ఆగి ముదిరింది. దాని పక్కన వంకాయరంగు వేశాడు. కూల్‌డ్రింకు గొట్టం నోట పెట్టుకుని మెల్లగా ఊదాడు. రెండు రంగులూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, ఒరుసుకుంటూ, ఆకుల్లా చీలాయి. కార్డుని కొంచెం వంచాడు. నీలం ఒకవైపు జారింది.

“రెండు కార్డులు ఒక్కలా రావా?” అన్నాడు రామబ్రహ్మం.

“నేను రమ్మన్నా రావు సార్.”

అప్పుడే గుట్ట పేలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆయన చేతిలో సీసా అదిరి, పసుపు ఒక పెద్ద బొట్టుగా నీలం నడిమధ్యన పడింది. బురద ఆకుపచ్చ మరక లేచింది.

“పోయిందా?”

“పోలేదు సార్. స్పిరిటు పడితే ఆరిన రంగు కూడా కదుల్తుంది.” మరక నడుమ ఒట్టి స్పిరిటు ఒక్క చుక్క వేశాడు. మరక విచ్చుకుని, మధ్యలో తెల్లటి కన్ను తెరుచుకుంది. “ఇదీ ఒక డిజైనే అనుకోవాలి. దీని మీద నల్లకాగితంతో పిట్టనో ఆకునో కత్తిరించి అంటిస్తే కార్డు అయిపోయినట్టే. మేడమ్ గారికి తెలుసు, ఇంతకుముందు చూశారు.”

ఆ మాట సంయుక్త భరించలేకపోయింది.

“ఏవండీ,” అంది.

ఆంజనేయులు చెయ్యి గాలిలోనే ఆగింది.

“సర్‌కి చెప్పేశాను. వీధి మొదట్లోనే చెప్పేశాను.”

ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చేతి కింద కార్డు ఆరిపోతోంది, ఆరిపోతూ అంచుల్లో గట్టి గీతలు కట్టింది. ఇంకే పూట అయినా దాన్ని అలా ఆరనిచ్చేవాడు కాదు.

“అయితే ఇందాకటి నుంచి ఇద్దరూ కూర్చుని నా వేషం చూస్తున్నారన్నమాట,” అన్నాడు.

“అలా అనకండి ఆంజనేయులు గారూ,” అన్నాడు రామబ్రహ్మం. “చెప్పడానికి నాకు సందు దొరకలేదు. తప్పు నాదే.”

“మీదేం లేదు సార్.”

దేవిశ్రీ గుమ్మం వదిలి గబగబా వచ్చింది. తండ్రి భుజాన్ని ఆనుకుని కూర్చుంది.

“నాన్నా, నేనొకటి చేసి చూపించనా ఈ అంకుల్‌కి?”

ఆంజనేయులు కూతురి వైపు చూసి, ఒక కొత్త కార్డు ముందుకి జరిపాడు.

పిల్ల చేసింది. బాగానే వచ్చింది. “నేనూ చేస్తాను,” అని రామబ్రహ్మం కూడా చొక్కా చేతులు మడిచాడు. ఉన్న రంగులన్నీ వేసి, ఊది, వంచి, మళ్ళీ ఊదితే కార్డంతా కాఫీ ఒలికినట్టయింది. “ఎక్కువ కదిపారు అంకుల్,” అంది దేవిశ్రీ. ఆయన గట్టిగా నవ్వాడు. ఆంజనేయులు కూడా ఒక పిసరు నవ్వాడు. సంయుక్త టీ పెట్టడానికి లేచి వెళ్ళింది.

టీ తాగి గ్లాసు కింద పెట్టాక రామబ్రహ్మం గొంతు మారింది. ఆఫీసు గొంతు వచ్చింది.

“అమ్మా, ఒక మాట చెప్పక తప్పదు. ఉద్యోగుల ఇంటివాళ్ళకి ఆర్డరు ఇవ్వకూడదని కంపెనీ రూలు. తెలియకపోతే సంతకం పెట్టేవాణ్ణి. తెలిశాక పెట్టలేను.”

“రూలుందని నాకు తెలుసు సర్.”

“తెలిసే చెప్పారా?”

“తెలిసే చెప్పాను.”

ఆంజనేయులు మొదటిసారి భార్య ముఖంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అంతుపట్టలేదు.

రామబ్రహ్మం లేచాడు. “ఆంజనేయులు గారూ, కారుదాకా వస్తారా?” అన్నాడు.

ఇద్దరూ దిగి వెళ్ళారు. సంయుక్త వరండాలోంచి చూసింది. కారు తలుపు తెరిచి పట్టుకుని రామబ్రహ్మం ఏదో చెబుతున్నాడు. ఆంజనేయులు చేతులు వెనక్కి పెట్టుకుని వింటున్నాడు. నడుమ ఒకసారి తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి నిలువుగా ఊపాడు. చంద్రమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెవులు రిక్కించింది. కారు వెళ్ళిపోయింది. ఆంజనేయులు వెంటనే పైకి రాలేదు. చంద్రమ్మ దగ్గర ఆగి ఏదో అన్నాడు.

“గట్లనా? అయితే లీవు కాదా సారూ?” అన్న చంద్రమ్మ గొంతు పైదాకా వినిపించింది. “నాకు జెప్తే ఏమాయె! నేనేమన్న ఎల్లగొడ్తనా?”

ఆయన పైకి వచ్చేసరికి సంయుక్త గుమ్మంలోనే ఉంది.

“ఆవిడకి చెప్పేశారా?”

“చెప్పేశాను. నువ్వు చెప్పగా లేనిది నాకేం?”

“రామబ్రహ్మం గారు ఏమన్నారు?”

“ఆర్డరు రాదు.”

“నా వల్లే.”

“నీ వల్లే,” అన్నాడు. అనడంలో కారం లేదు. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. “కానీ ఇంకోటి అన్నాడు. స్టోర్సులో మనిషి కావాలట. శుభ్రం చేసే మందులు, ప్రింటర్ల ఇంకులు, కాగితాలు, అన్నీ చూసుకోవాలి. రసాయనాలు తెలిసిన మనిషైతే మేలంటున్నాడు. ఇంటివాళ్ళకి ఆర్డరైతే ఇవ్వకూడదుట గాని, ఉద్యోగానికి అడ్డేం లేదట. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చేసేవాళ్ళు అక్కడ ఇప్పటికే ఉన్నారట.”

“స్టోర్సంటే...”

“మీ సెక్షనే. సరుకు నేను లెక్క చూసి పంపితే, సంతకం నువ్వు పెట్టాలి.”

“మీరేమన్నారు?”

“ముందు వద్దన్నాను. తర్వాత వస్తానన్నాను. సోమవారం రమ్మన్నాడు.”

ఎండాకాలం నుంచి సంయుక్త దేవుడి ముందు దీపం పెట్టి ఏది అడిగిందో అదే ఇది. నెల తిరిగేసరికి జీతం. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ఆయన కూడా బయల్దేరడం. ఆమె సంతోషపడబోయింది. పడబోతే, ఆఫీసు నాలుగో అంతస్తు వరండా కళ్ళ ముందు కదిలింది. నీలం చొక్కా వేసుకుని స్టోర్సు బండి తోసుకుంటూ ఆయన వస్తున్నాడు. క్యాంటీన్‌లో ఆమె పక్కన కూర్చునే ఆడపిల్లలంతా ఉన్నారు. ఎవరూ అడగకపోయినా, మావారు ప్రొడక్షన్ మేనేజరు అని ఆమె చెప్పగా విన్నవాళ్ళే వాళ్ళందరూ. తనెంతో ధైర్యంగా చెప్పాననుకున్న నిజం ఒక్క రామబ్రహ్మానికే చెప్పింది. అది కూడా కారు పక్కన, ఇంకెవరూ లేనప్పుడు.

తనకింకా సిగ్గు పోలేదని ఆమెకి అర్థమయింది. అర్థమై మరింత సిగ్గేసింది.

ఆంజనేయులు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

“సంతోషమేనా?” అని అడిగాడు.

“సంతోషమే కదండీ,” అంది.

ఆ మాట రావడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలిసింది.

ఆయన తల ఊపి వరండాలోకి వెళ్ళాడు. నేలమీద పరిచిన కార్డుల్ని ఒక్కొక్కటే తీసి, మధ్య మధ్య పేపరు పెట్టి, అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. సగం చేసినవాటినీ సర్దేస్తున్నాడు. కంటిమందు సీసాలు ఒక సంచీలో వేశాడు. దేవిశ్రీ పక్కన చేరి, “రేపు చెయ్యమా నాన్నా?” అని అడిగింది. ఆయన వినిపించుకోనట్టు సంచీ మూతి ముడి వేశాడు.

వద్దు అనాలనిపించింది సంయుక్తకి. సర్దొద్దు అనాలో, సోమవారం రావొద్దు అనాలో తేల్చుకోలేక, గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.